పదవి దిగాక మొదటి ప్రార్థన

అక్కా,

"కౌన్సిలరు పదవి దిగిపోయావుగా, ఇప్పుడైనా మా ఇంటికొచ్చి నాలుగు రోజులు ప్రశాంతంగా దేవుణ్ణి తలుచుకో" అని రాశావు. నాకూ అదే ఆశ. పదవిలో ఉన్నన్నాళ్లూ నేను కళ్లు మూసుకుంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి మురుగుకాలువ పొంగిందనేవారు. ప్రార్థన సగంలో వదిలేసి పరుగెత్తేదాన్ని.

నిన్న పొద్దున్నే గది తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. అంత నిశ్శబ్దంలో దేవుడు మనసులోకి రాలేదు గానీ, వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. లేచి వెళ్లి, "ఇది ఎప్పట్నుంచి కారుతోందండీ?" అని నీ మరిదిని అడిగాను.

ఆయన పేపరు దించకుండానే, "నువ్వు మొదటిసారి గెలిచినప్పట్నుంచి. మన వార్డు కౌన్సిలరమ్మకి చెబుదామంటే, ఆవిడ ఇంట్లో ఉంటేగా" అన్నారు.

పానా తీసుకుని సింకు కిందికి దూరాను. ఆయన టార్చిలైటు పట్టుకున్నారు. పాత వాషరు ఊడదీయగానే నీళ్లు ఎగజిమ్మి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. కొత్తది బిగించాక చుక్క కూడా కారలేదు. ఆయన తడి నేల మీదే చతికిలబడి, కాసేపు కుళాయి వంక చూసి, "దేవుడున్నాడే" అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట దేవుడి మాట వినడం ఇదే మొదలక్కా. అందుకని ఇప్పుడప్పుడే రాలేను. బాత్రూం గడియ కూడా పడటం లేదట. భక్తి కుదురుతున్న మనిషిని మధ్యలో వదిలేసి రావడం పాపం.

నీ చెల్లెలు