వారం దాటిన కారు

కామాటిపురా, బుధవారం

అమ్మా, మేమిద్దరం బాగున్నాం. కారు కూడా తిరుగుతోంది, బెంగపడకు. ఉన్నది ఒక్కటే గది, ఫోన్ మాట్లాడితే నాయన వింటాడని కార్డు రాస్తున్నాను.

నాగ్‌పాడా డీలర్ దగ్గర కొన్న పాత కారు తొమ్మిదో నాడు ఫోరస్ రోడ్డులో ఆగిపోయింది. నాయన రెండు రోజులు తనే దాని కింద పడుకుని చేతులు నల్లగా చేసుకున్నాడు. డీలర్‌ను అడగవేమంటే, "వారమే అన్నడు బిడ్డా. వారం దాటినంక ఏ మొకం పెట్టుకొని అడుగుత?" అన్నాడు. కాగితం తీసి చూశాను. ఇంజిన్‌కు ఆరు నెలల వారంటీ! నాయనకు తెలిసింది గ్యారంటీ అన్న మాట ఒక్కటే. వారంటీ అంటే వారం అనుకున్నాడు పాపం.

ఆ కాగితం పట్టుకుని పోతే, పాత బండి ఇంతేనని డీలర్ గొణిగాడు. రాసిచ్చిన మాట తప్పితే వినియోగదారుల కమిషన్‌కు పోతామన్నాను. పైసా తీసుకోకుండా బాగుచేశాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? జొన్నపిండి పట్టించి ఉంచు. నాయన ముందు మాత్రం నవ్వకు.

చెయ్యి అడ్డం పెట్టి రాస్తుంటే ఆయనే అంటున్నాడు: "ఆ కార్లనే వారంల వస్తమని రాయి మీ అమ్మకు. ఇది ఉత్త వారమే, ఎనక 'టీ' లేదు."

ఇంట్లో అందరికీ దండాలు.

నీ బిడ్డ,
సపన