ఒక బుటా ఎక్కువైంది

గద్వాల, శుక్రవారం రాత్రి

చిన్నీ, నువ్వు ఎప్పుడూ వినే అస్సాం పాటగాడి జీవితం ఈరోజు టీవీలో చూపించారమ్మా. చిన్నప్పటి నుంచే పాడాడట, బాణీలు కూడా తనే కట్టేవాడట. అక్కడ ప్రతి తల్లీ మా పిల్లాడే అంటుందట. నువ్వు కన్నుమూశాక మనింట్లో మూగబోయిన అతని పాట మళ్లీ మోగింది. మగ్గం మీద మీ నాన్న కూనిరాగం తీస్తూ, చీరలో ఖాళీ వదలాల్సిన చోట బుటా నేసేశాడు.

"ఏందయ్యా, గిట్ల నేసినవ్?"

"నన్నెందుకంటవే? నీ బిడ్డ పాటగాన్నడుగు!"

ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నువ్వు లేకుండా ఇంత నవ్వొచ్చా అని తర్వాత భయమేసింది...

మీ నాన్న ఆ బుటా విప్పుతానంటే వద్దన్నాను. ఆ చీర అమ్మం, అది నీదే. రేపు కూడా పాట పెడతాం.

ఎక్కడున్నా వేళకు కడుపునిండా తిను తల్లీ.