బెణకని కాలికి కట్టు

మిస్ ఓడెట్, మీకు రాని తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో రాసే ధైర్యం లేదు.

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీతో కలిసి మన నాట్య కంపెనీని నడిపిన మీ భర్త మిస్టర్ కర్టిస్ మీ జ్ఞాపకార్థం నన్ను ఒక పేజీ టైపు చేసి ఇమ్మన్నారు. "మాటలంటే పడి చస్తావుగా! ఆమె నీ కాలికి కట్టు కట్టిన సంగతి రాయి."

నాట్యం ముగియగానే డోలు వాయించేవారి ముందు వంగి నేలను తాకడం ఆఫ్రికా నుంచి వచ్చిన మన పద్ధతి. ఆ రోజు డెట్రాయిట్ హాల్లో అమ్మ స్నేహితురాళ్లు కూర్చున్నారు. నల్లవాళ్లకు దణ్ణం పెట్టానని చెప్పుకుంటారని భయపడి, వంగకుండా కుంటుతూ లోపలికి తప్పుకున్నాను. "కాలు బెణికిందా, బేబీ?" అంటూ మీరు నేలమీద కూర్చుని, నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టారు. పెద్దవాళ్లచేత కాలు పట్టించుకోకూడదని తెలిసీ ఊరుకున్నాను.

ఆ కాలు అసలు బెణకనే లేదని ఇవాళ మిస్టర్ కర్టిస్‌కు చెప్పేశాను.

"ఆమెకి అప్పుడే తెలుసు. వెళ్లేటప్పుడు నువ్వు కట్టులేని కాలితో కుంటుతూ నడిచావట."

"కోపం రాలేదా?"

"లేదు. మర్నాటి నుంచి నిన్ను ముందు వరుసలో, వంగకుండా తప్పుకునే వీలు లేకుండా డోళ్లకు ఎదురుగా నిలబెట్టింది. అంతే."

ఆ చోటు నా ప్రతిభకు దక్కిందని ఇన్నాళ్లూ అందరికీ గొప్పలు చెప్పుకున్నాను, మిస్ ఓడెట్.