కూజా పట్టిన చేతులు

గుల్చెహ్రా తల్లీ,

ఇక్కడ అందరం కులాసా. పుట్టింట్లోనైనా ఆ రక్తం పట్టే మాత్రలు వేళకి వేసుకుంటున్నావా? నిన్న నర్సు జులయ్ఖా నమన్‌గాన్ ఆసుపత్రి నుంచి మన పరీక్షల కాగితాలు తెచ్చింది. కడుపులో పురుగులు నీకు తప్ప ఇంట్లో ఎవరికీ లేవట. నాకు ఒళ్ళు మండింది. "మూడుసార్లు చేతులు కడగనిదే రొట్టె ముట్టని ఇల్లు మాది!" అని దులిపేశాను.

"కూజాతో మీ అందరి చేతుల మీద నీళ్ళు పోసేదెవరు పెద్దమ్మా?" అంది.

"కోడలే. ఈ ఊళ్ళోనే పుట్టావు, ఆ మాత్రం తెలీదా?"

"మరి కోడలి చేతుల మీద ఎవరు పోస్తారు?"

అప్పుడు ఆ కూజా వంక చూశానమ్మా. తోటలో ఎరువు మట్టి తవ్వుతున్నదానివి పరుగున వస్తావు, మా అందరికీ నీళ్ళు పోస్తావు, చివర మిగిలిన రొట్టె ఆ చేత్తోనే తింటావు. నాలుగేళ్ళుగా ఇదంతా నా కళ్ళ ముందే జరిగినా నాకు పట్టనే లేదు.

క్యారెట్లు ఇక కాలవలో కడగనివ్వను, కాచిన నీళ్ళతోనే. కూజా పక్కన సబ్బు పెట్టాను. గోళ్ళు తీసుకోమంటే నీ మొగుడు మారాం చేశాడు, పట్టుకుని నేనే కత్తిరించాను. జీలకర్ర సంచి ఎక్కడ దాచావు? ఎర్రావు నన్ను తన్నింది, దానికి నీ చెయ్యే కావాలట. మీ అమ్మకి నా సలాం చెప్పు.

నీ బుగ్గలకి మళ్ళీ రంగు రావాలి. శుక్రవారం నువ్వు వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చగా ఉంచుతాను. కూజా ముట్టుకోకు. చేతులు చాపు, నేను పోస్తాను.

మీ అత్త
సబోహత్