బట్టలారేసే డాబా

కామోలీ,
మార్చి నెల, గాలివాన తెరిపిచ్చిన రోజు.

ప్రియమైన తూలియోకి,

నీ ఎర్సీలియా ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, మీ అక్కా, మన పిల్లీ బాగానే ఉన్నాం. ఆ ఓడ ఇంజన్ల మోతలో నువ్వూ వేళకి తిని పడుకుంటున్నావనే అనుకుంటాను. సింగపూర్ నుంచి వేసిన ఉత్తరం నిన్న అందింది. అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. వంటింటి కుళాయి కారడం ఆగింది. మీ అక్క నీవెస్‌కి మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు.

ఇక అసలు సంగతి. ఈ ఊరు వదిలి మనం మకాం మార్చడానికి, నువ్వు సెలవులకి వచ్చి ఉండడానికి ఇల్లు ఏ ప్రాంతంలో కొనాలో నన్నే తేల్చమన్నావు. "సముద్రం కనిపించే ఊరైతే నాకు చెప్పనే వద్దు" అని కింద గీత గీసి మరీ రాశావు. ఓడ మీద నీ పక్కనే నిలబడ్డ నీ తోటి నావికుడు నెవియోని అల లాక్కుపోయిన రోజు నుంచి నీకు సముద్రమంటే ఎలా ఉందో నాకు తెలుసు.

తెలుసు కాబట్టే నెలరోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింటి బల్ల మీద ఇటలీ పటం పరుచుకుని చూస్తే, ఏం దేశమయ్యా మనది, ఇంత సన్నగా! ఎటు వేలు జరిపినా నీళ్ళలో పడుతుంది. టస్కనీ అంటే నీవెస్ నవ్వింది. "అక్కడ జర్మన్లు కొనగా మిగిలినవి కోళ్ళగూళ్ళే" అంది. పోనీ పియెమోంతే అంటే, "ఆ పొగమంచులో మొగుణ్ణి తడుముకుంటూ వెతుక్కుంటావా?" అంది.

సరేనని ఉంబ్రియా వెళ్ళాను. ఆ ప్రాంతానికి ఏ వైపునా సముద్రం తగలదు కదా. రాతి గోడలు, పెద్ద పొయ్యి, వెనక ఓక్ చెట్లు. ఇల్లు చూపించిన ఇవానో అనే ఆయన, "చూసుకోండమ్మా, నాలుగు వైపులా కొండలే. సముద్రపు గాలి కూడా ఇటు తొంగిచూడదు!" అని మురిసిపోతుంటే నాకు ఊపిరాడలేదు. తలనొప్పని చెప్పి మధ్యాహ్నం బండికే వచ్చేశాను. ఇల్లు మాత్రం నీకు అచ్చంగా సరిపోయేదే.

తర్వాత మార్కె ప్రాంతం. అక్కడ కొండ మీది ఊళ్ళో అర్జియా అనే పెద్దావిడ ఇల్లు. మెట్లెక్కలేక కింద ఊళ్ళోకి మారిపోతోందట. కిటికీలన్నీ పడమటి కొండలకేసే ఉన్నాయి. కుందేలు కూర పెట్టింది గానీ, తిననిచ్చిందా!

"కొనేదానివా, చూసిపోయేదానివా?"

"మా ఆయన్ని అడగాలండీ."

"ఎక్కడున్నాడు మీ ఆయన?"

"ఓడ మీద."

"బాగుంది వరస! ఏడాదిలో ముప్పాతిక భాగం లేనివాడి ఇష్టం కావాలి గానీ, ఉండేదాని ఇష్టం అక్కర్లేదా? తాగు!" అని కాచిన తీపి వైన్ గ్లాసు ముందు పెట్టింది. తాగాను. ఆ ఊళ్ళో అమ్మేవాళ్ళు ఇచ్చిన గ్లాసు ఖాళీ చేస్తే బేరం కుదిరినట్టేనట. తెలియక తాగేశాను, తిట్టకు. కాగితాల మీద నీ సంతకం కూడా కావాలి కాబట్టి ఇంకా నీ చేతిలోనే ఉంది.

ఇక్కడికి ముగించి కవరు అంటించేశాను. మళ్ళీ చింపాను. పొద్దుట్నుంచి కిటికీ దగ్గరికీ బల్ల దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. నీకు అబద్ధం రాసి నేను ఉండలేను.

తెలియక కాదు తూలియో. గ్లాసు తాగితే ఏమవుతుందో అర్జియా ముందే చెప్పింది. అంతకుముందు, పైన ఆరేసిన దుప్పట్లు తెచ్చిపెట్టమని నన్ను పంపింది. పైన బట్టలారేసే చిన్న డాబా ఉంది. దుప్పటి లాగేసరికి దాని వెనక, చాలా దూరంగా, రెండు కొండల మధ్య సముద్రం. దారప్పోగంత. మన వైపుది కాదు, దేశానికి ఆవలి వైపుది. అయినా నీళ్ళు నీళ్ళే. ఆ దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చేశాను. కిందికి వచ్చి, అన్నీ తెలిసే గ్లాసెత్తాను.

నీకు అది నెవియోని మింగిన నీళ్ళు. నాకేమో అది నువ్వున్న చోటు. పెళ్ళైన దగ్గర్నుంచి పొద్దున్నే ఈ కిటికీ తీసి సముద్రం చూసి, అదిగో, అక్కడే ఎక్కడో ఉన్నాడు అనుకున్నాకే పొయ్యి వెలిగిస్తున్నాను. ఉంబ్రియాలో ఎటు చూసినా నువ్వెక్కడా లేవు. అందుకే నాకు ఊపిరాడలేదు.

వద్దంటే వద్దని రాయి. అర్జియాకి నేనే చెప్పుకుంటాను, ఆవిడ తిట్లూ నేనే పడతాను. ఒప్పుకుంటే మాత్రం ఇంట్లో కిటికీలన్నీ నీవి. ఆ డాబా ఒక్కటీ నాకు వదిలెయ్యి. నువ్వు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, నీకు పైకెక్కే పనే పడకుండా, బట్టలు కింద పెరట్లోనే ఆరేస్తాను.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా కాలుకాలిన పిల్లిలా తిరుగుతుండే నీ భార్య,
ఎర్సీలియా