మీ అమ్మకని ఉంచిన సొట్ట

చిట్టితల్లికి,

ఫోన్లో "అంతా బాగానే ఉంది" అన్నాను. బాగా లేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను. షెడ్డు మూసేస్తున్నాను.

టాక్సీ ఆయన నీకు తెలుసుగా, డిగ్రీ చదివి సుత్తి పట్టానని నాకు "డిగ్రీ మేస్త్రీ" అని పేరు పెట్టిన మనిషి. ఆయన కారు డోరు గోడకి ఒరుసుకుని లోపలికి నొక్కుకుపోయింది. లోపల ఇనప దిమ్మ ఆనించి, బయటినుంచి సుత్తితో నెమ్మదిగా కొట్టి, రేకుని దాని చోటికి తెచ్చాను. రంగు వేసి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం బండి తిరిగొచ్చింది. ఏటవాలు ఎండలో నిలబెట్టి చూపించాడు. పిడి కింద బొటనవేలంత పల్లం.

"డిగ్రీ మేస్త్రీ గారూ, ఇది మీ చేతి పనేనా? ఏదీ, ఆ సర్టిఫికెట్ ఓసారి చూపించండి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ పల్లం చెయ్యి తప్పి మిగిలింది కాదు. నేనే ఉంచాను.

మీ అమ్మ షెడ్డు వెనక మన ఇంట్లోంచి టీ తెచ్చి బల్ల మీద పెట్టేది. రేకు మీద పల్చటి గుడ్డ పరిచి, అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిమిరేది. సన్నటి సొట్ట కంటికి దొరకదు, చేతికే దొరుకుతుంది. చాలాసేపు వెతికి, "ఇదిగో, ఇక్కడ" అనేది. "అంత చదువు చదివారు, ఇంత గుంట తెలియలేదా?" అని దెప్పేది. రెండు దెబ్బల్లో సరిచేసి అప్పుడు టీ అందుకునేవాణ్ణి. అప్పటికది చల్లారిపోయేది.

ప్రతి బండికీ ఆవిడకని ఒకటి ఉంచేవాణ్ణి. లేకపోతే కప్పు పెట్టేసి లోపలికి వెళ్ళిపోతుంది. వెతికినంతసేపూ నా పక్కన ఉంటుంది. అంతే. ఈ సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న టాక్సీ డోరుకీ ఉంచాను. ఉంచి, చేతులు కడుక్కుని, స్టూలు మీద కూర్చున్నాను. టీ రాలేదు. ఎందుకు రాదో గుర్తొచ్చాక లేచి రంగు వేసేశాను. సొట్ట మాట మరిచిపోయాను.

మీ అమ్మ పోయి ఇన్నాళ్ళయినా ఈ చేతికి ఇంకా తెలియలేదు. ఇలాంటి చెయ్యి ఒకరి బండి మీద వెయ్యకూడదు. ఆయన వదిలివెళ్ళిన బండికి ఈ డోరు సరిచేసి, తాళాలు షెడ్డు యజమానికి అప్పజెప్తాను. వాదించకు.

నాన్న

*

చిట్టితల్లికి,

నిన్ను బస్సెక్కించేటప్పుడు చెప్పనివి ఇప్పుడు రాస్తున్నాను.

వాదించొద్దంటే, జవాబైనా రాయకుండా వచ్చి వాలావు. మొండితనంలో అచ్చం మీ అమ్మవే. భుజం మీది సంచీ దించకుండానే ఆ డోరు దగ్గరికి వెళ్ళి, గుడ్డ పరిచి కళ్ళు మూసుకున్నావు. "ఇదిగో నాన్నా, ఇక్కడ" అన్నావు. ఆ తర్వాత నువ్వు చెప్పింది ఇప్పటికీ చెవిలోనే ఉంది.

"అమ్మకి తెలుసు నాన్నా. 'మీ నాన్న నాకని ఒకటి ఉంచుతారే. చెయ్యి వెయ్యగానే తగులుతుంది. అయినా టీ చల్లారేదాకా వెతుకుతాను. వెంటనే దొరికిందన్నాననుకో, మళ్ళీ పనిలో పడిపోరూ?' అనేది."

ఇన్నేళ్ళూ చల్లారిన టీ తాగాను. ఎందుకు చల్లారేదో ఇప్పుడు తెలిసింది.

నువ్వు వెళ్ళాక డోరు రంగు గీకి, సొట్ట తీశాను. ఈసారి గుడ్డ నేనే పరిచి, కళ్ళు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నిమిరాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అప్పుడే మళ్ళీ రంగు వేశాను. టాక్సీ ఆయన ఎండలో అటూ ఇటూ తిరిగి చూసి, "సర్టిఫికెట్ అక్కర్లేదులెండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మా తమ్ముడి బండి ఎప్పుడు తెమ్మంటారు?" అనడిగాడు. "రేపు" అన్నాను. అనేశాక గాని గుర్తురాలేదు, షెడ్డు మూసేస్తున్నానని.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి.

ఇకమీద ఎవరి బండికీ ఏదీ ఉంచను. అయితే మూలన ఎవరిదీ కాని పాత బానెట్ ఒకటి పడుంది కదా, దాన్ని స్టాండు మీదికెక్కించి నున్నగా చేశాను, ఒక్కచోట తప్ప. ఈసారి వచ్చినప్పుడు వెతుకు. టీ నేను పెడతాను.

తొందరగా కనిపెట్టకు.

నాన్న