పేపర్లో చెప్పని మాట

హైదరాబాద్,
మంగళవారం ఉదయం.

నన్ను సైకిల్ మీద బడికి దింపిన ముత్యం కాకకు,

చిన్నమ్మ తాగుతున్న తీగ కషాయం ఈ పూటే ఆపించు. ముందు దాన్ని పారబోసి, తర్వాత మిగతాది చదువు. బొగ్గుబాయిలో పేలుళ్ల మోతకు నీ చెవులు దెబ్బతిన్నాయి, ఫోన్‌లో సగం మాటే నీకు అందుతుంది. అందుకే రాసి, తమ్ముడు జగదీశ్వర్ చేతికిచ్చి పొద్దుటి రైలుకు పంపుతున్నాను.

నిన్న మధ్యాహ్నం నీ కోడలు సంతోషి ఫోన్ చేసింది. రొమ్ము క్యాన్సర్‌కు చిన్నమ్మ రెండు కీమోలు ఎక్కించుకుని మూడోదానికి పోలేదని, నెల నుంచి కషాయమే తాగుతోందని, కళ్లు పచ్చబడ్డాయని చెప్పింది. వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. "మామ వింటలేడు వదినా. హర్షిణి పేపర్ల చెప్పింది గద అంటున్నడు" అంది.

కాకా, పేపర్లో నేను చెప్పనిది ఒకటుంది.

రెండేళ్ల కిందట కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని మట్టిగుట్టల పక్కన ఆ తీగను నాకు చూపింది చిన్నమ్మే. "దీన్ని మేకలు ముట్టవు బిడ్డా, దీంట్ల ఏదో ఉన్నది" అంది. దాని సారం తీసి, గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే మూడు రోజుల్లో చచ్చిపోయాయి. ఆ రోజు ల్యాబ్‌లో సంతోషం పట్టలేక ఏడ్చాను. కానీ క్యాన్సర్ కణాన్ని చంపితే సరిపోదు, మంచి కణాన్ని బతకనివ్వాలి. ఆ పరీక్ష కూడా చేశాను. అదే మోతాదుకు ఆరోగ్యంగా ఉన్న కాలేయం కణాలూ చచ్చిపోయాయి. ఇప్పటికి అది మందు కాదు కాకా, విషం.

ఆ ఫలితం రాసుకున్న వారానికి విలేకరి వచ్చాడు. "ఇది మనుషులకు పనిచేస్తుందా మేడం?" అని అడిగాడు. ఎనిమిదేళ్లుగా ల్యాబ్‌లో ఏం చేస్తున్నానో మన ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇప్పుడు పేపర్లో నా ఫొటో పడబోతోందని పొంగిపోయాను. "ఆశ ఉంది" అన్నాను. కాలేయం సంగతి ఎత్తలేదు. ఆయన అడగలేదు కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈ రోజే మా ప్రొఫెసర్ గారికి అంతా చెప్పి, సవరణ వేయమని పేపర్ వాళ్లకు రాస్తాను. నిజానికి మీ దగ్గరికి నేనే రావాలి. చిన్నమ్మ ముఖం చూసే ధైర్యం లేక తమ్ముణ్ని పంపుతున్నాను.

ఆమె ఏం తాగిందో డాక్టరుకు దాచకుండా చెప్పు.

నీ అన్న కూతురు,
హర్షిణి

*

గోదావరిఖని, దవాఖాన నుంచి,
శుక్రవారం.

బిడ్డా హర్షిణీ,

నేను చెప్తున్న, సంతోషి రాస్తున్నది. నీ ఉత్తరం మీ కాక రెండుసార్లు చదివిండు. కషాయం గంజు తీస్కపోయి మోరికాల్వల పారబోసిండు. గంటలోపల్నే దవాఖానల ఉన్నం. లివర్ దెబ్బతిన్నదన్నరు. అది తేరుకుంటెనే మల్ల కీమో అంట. తేరుకుంటదా అని అడిగితె డాక్టరమ్మ చూద్దామన్నది.

నేను గూడ ఒకటి దాచిన. నీ పేపరు చూసి నేను కీమో బంద్ చెయ్యలే. రెండోదానికే నా పానం పోయినంత పనైంది. మూడోదానికి పోనని మీ కాకకు ఎట్ల చెప్పాలె అని చూస్తుంటె నీ పేపరు దొరికింది. ఆయన ముంగట పెట్టి నోరు మూయించిన. పాపం, ఆయన నిజమే అనుకున్నడు. గట్లని నీ తప్పు లేదంటలేను. ఉన్నది.

మా వాడల ఎల్లేశం పెండ్లాం సారలమ్మ గూడ నీ పేపరు ముచ్చట విని గదే కషాయం తాగుతున్నది. ఆమెకు గొంతుల గడ్డ. ఆపరేషన్ వద్దన్నది. సంతోషి పోయి ఆపుమని చెప్తె, "మీ అత్తకు పడలేదేమొ, నాకు పడ్తది. గంత చదువుకున్న పిల్ల ఉత్తగనే చెప్తదా" అన్నదట. నువ్వు పేపర్ల ఏం రాయించినా ఆమెకు చదువురాదు. నువ్వు రా. ఆమె ఎదురుంగ కూసోని నీ నోటితోటి చెప్పు.

నన్ను చూడనీకి తర్వాత రావచ్చు. ముందు వాళ్లింటికి పో.

నీ చిన్నమ్మ,
పూలమ్మ